అచ్చు ఎవరిది, ముద్ర ఎవరిది

రోడ్డు పక్కన పసుప్పచ్చ బోర్డు మీద ‘అసలైన ఇండియన్ నగలు’ అని లావుపాటి అక్షరాలు. నేను చదివి చెప్పగానే నాయన కారు అద్దం దించి, “మనోళ్ల అంగడా?” అన్నాడు.

మనోళ్లది కాదు. ఉత్తర అరిజోనాలో ఆదివాసుల వెండి నగలు అమ్మే అంగళ్లు గ్రాండ్ కాన్యన్ దారి పొడుగునా ఉంటాయి. అమ్మకి ఒక కడియం కొన్నాను. నడుమ ఫిరోజా రాయి, దానికి అటూ ఇటూ వరసగా చంద్రవంకల గుర్తులు. లోపలివైపు ‘స్టెర్లింగ్’ అనే మాట, దాని పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఆ రెండక్షరాలే చేసినాయన హాల్‌మార్క్ అనీ, నవాహో అనే ఆదివాసీ తెగలో తరతరాలుగా వెండి పని చేసే ఇంటిదనీ అంగడావిడ చెప్పింది. 180 డాలర్లు. సంతోషంగా ఇచ్చాను.

కారెక్కాక నాయన కళ్లద్దాలు పెట్టుకుని కడియాన్ని వెనక్కి తిప్పాడు. ప్రొద్దుటూరులో నలభై ఏళ్లు కుంపటి ముందు కూర్చున్న మనిషి. ఏ నగ ఇచ్చినా ముందు వెనకవైపే చూస్తాడు. ఒక నిమిషం చూసి, “ఇది కొట్టింది కాదురా, పోసింది,” అన్నాడు. అమ్మ వెంటనే, “నీకు అన్నీ అనుమానాలే,” అని కడియం లాక్కుంది.

ఆయనకి ఇంగ్లీషు రాదు. అక్షరాల వంక చూడనే లేదు. ఆయన చూసింది చంద్రవంకల అంచుల్ని. ఉక్కు అచ్చుని వెండి మీద పెట్టి సుత్తితో కొడితే అంచు కోసినట్టు పదునుగా దిగుతుంది. ఒకటి లోతుగా పడితే పక్కది కాస్త పైపైన, ఇంకోటి వెంట్రుకవాసి వంకరగా పడుతుంది. రేకు పల్చగా ఉంటే వెనకవైపు ఆ దెబ్బ నీడలా ఉబ్బుతుంది. అదే నగకి మూస తీసి, కరిగిన వెండి పోస్తే అంచులన్నీ అరిగిన సబ్బులా గుండ్రంగా వస్తాయి. గుంటల అడుగున సూదిమొనంత బుడగలు కనిపిస్తాయి. అమ్మ కడియంలో హాల్‌మార్క్ అక్షరాలు కూడా అలాగే గుండ్రంగా ఉన్నాయి. అంటే వాటినీ ఎవరూ కొట్టలేదు. ఎవరిదో అసలు కడియం ఎక్కడో ఉంది. దానికి మూస తీసినప్పుడు చంద్రవంకలతో పాటు ఆయన పేరూ పోతలోకి వచ్చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోత పని నవాహోలకి పరాయిదేం కాదు. మెత్తటి టూఫా రాయిని చెక్కి, ఆ గుంటలో వెండి పోసి చేసే నగలు వాళ్ల పాత పనితనంలో ఒక గొప్ప భాగం. కానీ అలా పోసేవాడు పోతని పోతలాగే చూపిస్తాడు, సుత్తి దెబ్బలా నటింపజేయడు.

ఆ రోజు పోయిన 180 డాలర్ల కంటే నన్ను ఎక్కువ గుచ్చింది ఇంకోటి. నేను కడియాన్ని చూసి కొనలేదు, ముద్రని చూసి కొన్నాను. అచ్చుల మధ్య పుట్టి పెరిగినవాడిని, నేనే అలా చేశాను. ఆ తర్వాత రెండేళ్లుగా ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ, వీలైనప్పుడల్లా నవాహోల సొంత ప్రాంతమైన నవాహో నేషన్ వైపు డ్రైవ్ చేస్తూ వచ్చాను. నాకు అర్థమైంది ఏమిటంటే, నవాహో వెండి మీద హాల్‌మార్క్ పుట్టింది కొనేవాళ్ల కోసం. ఆ ఇంటి గుర్తు వేరేచోట ఉంది. మనం ముద్రకే విలువ కట్టినంతకాలం ఆ ఇంట్లో ఒక్కరికే పేరొస్తుంది, మిగతావాళ్లు కనపడకుండా పోతారు.

ముందు హాల్‌మార్క్ అనే మాట దగ్గర చిక్కు తీసేస్తాను. మనకి హాల్‌మార్క్ అంటే 916. 2021 జులై నుంచి మన దేశంలో బంగారు నగ మీద మూడే గుర్తులు: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. అంతకుముందు నాలుగుండేవి, వాటిలో అంగడి గుర్తు ఒకటి. కంసాలి మాత్రం అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. నాయన చేసిన వడ్డాణాలు కడప జిల్లాలో ఎన్ని నడుముల మీద ఉన్నాయో, ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. నవాహోల దగ్గర లెక్క వేరు. వాళ్ల హాల్‌మార్క్ చెప్పేది మనిషిని. లోహం సంగతి పక్కనే ‘స్టెర్లింగ్’ అని వేరే ఉంటుంది, అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. నాయనకి ఈ తేడా చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “పేరు వేసుకుంటారా? భలే,” అన్నాడు. ఆ ‘భలే’లో ఎంత మెచ్చుకోలో, ఎంత అసూయో నాకు తెలీదు.

నవాహోలు తమని తాము దినే అంటారు, మనుషులు అని అర్థం. వెండిని వాళ్ల భాషలో బేష్ లిగై అంటారు, అంటే తెల్ల లోహం. వాళ్ల నాలుగు పవిత్ర పర్వతాలకీ ఒక్కోదానికి ఒక్కో విలువైన వస్తువు ముడిపడి ఉంది: తెల్ల గవ్వ, ఫిరోజా, అబలోన్ చిప్ప, నల్లటి జెట్ రాయి. అందులో వెండి లేదు. ఫిరోజా వాళ్లకి ఎప్పటిదో, వెండి నిన్న మొన్న వచ్చిన చుట్టం.

మొదటి నవాహో వెండి పనివాడిగా అందరూ చెప్పే పేరు అత్సిది సాని. అత్సిది అంటే లోహాన్ని కొట్టేవాడు, సాని అంటే పెద్దాయన. 1850 ప్రాంతంలో ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుము పని నేర్చుకున్నాడు. గుర్రాల కళ్లేలు చేసేవాడు. 1864లో అమెరికా సైన్యం వేలమంది దినేలని వాళ్ల నేల మీంచి వెళ్లగొట్టి, వందల మైళ్లు నడిపించి, న్యూ మెక్సికోలో బోస్కే రెడోండో అనే చోట నిర్బంధించింది. అక్కడ తిండికి రేషన్ టికెట్లు ఇచ్చేవాళ్లు. మొదట అట్టముక్కలు, వాటికి నకళ్లు పుట్టుకొస్తున్నాయని తర్వాత ముద్ర కొట్టిన లోహపు బిళ్లలు. దినే పనివాళ్లు ఆ బిళ్లలకీ అచ్చులు చేసేశారు. లెక్క కంటే ఎక్కువ టికెట్లు తిరుగుతుంటే సైన్యం తల పట్టుకుని, ఇంకా చిక్కు డిజైన్లతో వాషింగ్టన్ నుంచి తెప్పించాల్సి వచ్చింది.

నాకు ఈ కథంటే మహా ఇష్టం. ఈ రోజు నవాహో ముద్రకి దొంగ నకళ్లు వస్తున్నాయని గోల చేస్తున్నాం కదా. అప్పుడు ఆకలితో ఉన్న పిల్లల కోసం సర్కారు ముద్రకే నకలు తీశారు వీళ్లు. ముద్ర అంటే అధికారం చేతిలో ఉండే వస్తువనీ, దాన్ని ఎవరైనా కొట్టగలరనీ వాళ్లకి మొదటే తెలుసు.

1868 జూన్ 1న సంధి కుదిరింది, వాళ్లు ఇంటిదారి పట్టారు. ఆ సంధి పత్రం మీద సంతకాల్లో హెర్రెరో అని ఒక పేరుంది. స్పానిష్‌లో కమ్మరి అని అర్థం. మెక్సికన్లు అత్సిది సానిని పిలిచిన పేరు అదే కాబట్టి ఆ హెర్రెరో ఈయనే అని చాలామంది చరిత్రకారుల మాట. ఆ పేరు ఎదురుగా ఒక ఇంటూ గుర్తు ఉంది. కాగితం మీద ఆయన వేసిన హాల్‌మార్క్ అనుకుంటే, అదే.

తిరిగొచ్చాక వెండి పని ఊపందుకుంది. అమెరికన్ డాలర్లు, తర్వాత మెక్సికన్ పెసోలు కరిగించేవాళ్లు. రైలు పట్టా ముక్క దాకలి, మేకతోలుతో తిత్తి. అచ్చుల ఆలోచన తోలు మీద పూలు కొట్టే మెక్సికన్ పనివాళ్ల దగ్గర పట్టుకున్నదే. ఉక్కు ముక్కని కాల్చి మెత్తబరిచి, ఆకురాయితో చంద్రవంకో, కిరణమో కోసి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరుస్తారు. పాత ఆకురాళ్లు, విరిగిన ఉలులు, రైలు మేకులు ఏవి దొరికితే అవి. మేలైన పనివాడి ఇంట్లో వందల అచ్చులుంటాయి. అత్సిది సాని తన కొడుకులకి నేర్పాడు, అక్కణ్నుంచి తమ్ముళ్లకి, మేనల్లుళ్లకి, పక్క హోగన్ వాళ్లకి, అంటే పక్కింటివాళ్లకి పాకింది. అత్సిది చోన్ ఆ చుట్టుపక్కలవాడే, వెండిలో మొదట ఫిరోజా పొదిగినవాడని చెప్తారు. అప్పటి నగల మీద ఎవరి పేరూ లేదు. ఎందుకుంటుంది? వేసుకున్నవాడికి చేసినవాడు తెలుసు. తెలియనివాడు కొనడానికి రాలేదు.

ట్రేడింగ్ పోస్టులు, అంటే తెల్లవాళ్లు నడిపే సరుకుల కొట్లు వచ్చాక కూడా ఇది చాలాకాలం మారలేదు. నగలే వాళ్లకి బ్యాంకు. ఉన్ని అమ్మకాలు వచ్చేదాకా హారం కొట్లో తాకట్టు పెట్టి పిండీ కాఫీ తెచ్చుకునేవాళ్లు. కొట్టాయన హారానికి ఒక చీటీ కట్టేవాడు. దాని మీద రాసేది తాకట్టు పెట్టినవాళ్ల పేరు, చేసినవాళ్లది కాదు. మన ఊళ్లలో సేటు కట్టే చీటీ లాంటిదే. ఇప్పుడు ‘ఓల్డ్ పాన్’, అంటే పాత తాకట్టు అని రెట్టింపు ధరకి అమ్మేవాటిలో అలా విడిపించుకోలేక వదిలేసినవే చాలా. ఆ మాట వినడానికి రొమాంటిక్‌గా ఉంటుంది గానీ, దాని వెనక ఒక చెడ్డ సంవత్సరం ఉంటుంది.

ముద్ర కావలసి వచ్చింది రైలు తెచ్చిన టూరిస్టుకి. 1899లో ఫ్రెడ్ హార్వీ కంపెనీ, శాంటా ఫే రైలు మార్గంలో హోటళ్లు నడిపినవాళ్లు, పర్యాటకుల కోసం తేలికపాటి నగలు చేయించడం మొదలుపెట్టింది. నవాహోలు వేసుకునేవి బరువైనవి, అవి షికాగో ఆవిడ చేతికి పనికిరావట. బాణాలు, రెక్కలు విప్పిన పిడుగుపక్షులు, ‘ఇండియన్’లా కనపడే బొమ్మలన్నీ వాటి మీదికెక్కాయి. తర్వాత ఆల్బుకర్కీలోనూ డెన్వర్‌లోనూ యంత్రాలే ఆ బొమ్మలు గుద్దడం మొదలెట్టాయి. 1930ల్లో, ఇలా చేసినవాటిని ‘ఇండియన్’ నగలని అమ్ముతోందని ఒక పెద్ద అంగడి మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు నడిచింది. తమాషా ఏమిటంటే ఆ యంత్రాల ముందు కూర్చున్నవాళ్లూ ఆదివాసులే. మరి అది ఇండియన్ చేసిన నగా, కాదా?

ఆ ప్రశ్నకి సర్కారు చెప్పిన జవాబు ఒక ముద్ర. 1935లో ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డు ఏర్పడింది. కొన్నేళ్లలో ‘యు.ఎస్. నవాహో’ అనే ముద్ర వచ్చింది. చేత్తోనే చెయ్యాలి, వెండి ఇంత స్వచ్ఛంగా ఉండాలి, ఇన్‌స్పెక్టర్ చూసి కొట్టాలి. ముద్ర పక్కన ఒక నంబరు. నేను మొదటిసారి చదివినప్పుడు అది చేసినవాడి నంబరు అనుకున్నాను. కాదు, అది వర్తకుడిదో, బడిదో. దేశం పేరుంది, తెగ పేరుంది, కొట్టు నంబరుంది. మనిషి లేడు. పైగా ఆ నియమాలతో చేస్తే యంత్రపు నగల ధరకి ఎవరికీ గిట్టుబాటు కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ ముద్ర సద్దుమణిగింది. అలాంటి నగ ఇప్పుడు దొరికితే సేకరించేవాళ్లు ఎగబడతారు, అది వేరే సంగతి. 1941లో దినేల సొంత గిల్డ్, అంటే పనివాళ్ల సంఘం మొదలైంది. ఏంబ్రోస్ రోన్‌హార్స్ అనే గొప్ప పనివాడు దాన్ని నడిపించాడు. వాళ్ల ముద్ర కొమ్ముల చంద్రుడు. అది కాస్త మేలు, కనీసం ముద్ర వాళ్ల చేతిలోకి వచ్చింది. అదీ అందరికీ కలిపి ఒకటే.

ఒక్కో మనిషి తన అక్షరాలు తను కొట్టుకోవడం ఆ కాలంలోనే అక్కడక్కడా మొదలై, 1970లలో నవాహో నగలకి అమెరికా అంతటా గిరాకీ పెరిగాక మామూలైపోయింది. ముందుగా వేసుకున్నవాళ్లలో ఫ్రెడ్ పెష్లకై ఒకడు. ఆయన తండ్రిని స్లెండర్ మేకర్ ఆఫ్ సిల్వర్ అనేవాళ్లు, అత్సిది సాని తమ్ముడని చెప్తారు. పెష్లకై అంటే పైన చెప్పిన బేష్ లిగైయే. వెండి అనేదే ఇంటిపేరైపోయింది. ఫ్రెడ్ దగ్గర ఫోర్ట్ వింగేట్ బడిలో నేర్చుకున్న కెనెత్ బెగే, వైట్ హోగన్ అనే అంగట్లో పనిచేస్తూ తన కె.బి. అక్షరాలతో పాటు అంగడి గుర్తయిన హోగన్ బొమ్మనీ కొట్టేవాడు. ఆధునిక నవాహో నగలకి ఆయన్ని తండ్రి అంటారు. ఒకే కడియం మీద మనిషి, అంగడి పక్కపక్కన. నాకు ఆ రెండు ముద్రలూ చూసినప్పుడల్లా ప్రొద్దుటూరు గుర్తొస్తుంది. మన దగ్గర మొదటిది ఎప్పుడూ లేదు.

ఇంతకీ ఆ అక్షరాలు ఏ పేర్లవి? బెగే అంటే ఫలానా ఆయన కొడుకు. బెనాలీ అంటే మనవడు. యాజీ అంటే చిన్నోడు, సోసీ అంటే సన్నగా ఉండేవాడు, నెజ్ అంటే పొడుగాయన. బడిలో, జనాభా లెక్కల్లో గుమాస్తా “నీ పేరేంటి, మీ నాన్న పేరేంటి” అనడిగితే చెప్పిన జవాబుల్లో ఒక ముక్క పట్టుకుని ఇంటిపేరుగా రాసేశారు. అందుకే నవాహో నేషన్‌లో బెగేలు, యాజీలు లెక్కలేనంతమంది. చుట్టరికం ఉండనక్కర్లేదు. మన ఎస్. శ్రీనివాసులు, కె. శ్రీనివాసులు ఎంతమందో అమెరికా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. జె.వై. అని కొట్టి ఉంటే అది ఏ జె., ఏ యాజీ? హాల్‌మార్కుల పట్టికలు లావుపాటి పుస్తకాలుగా ఉన్నాయి. వాటిలో ఒకే జంట అక్షరాల కింద ఐదారు పేర్లుండటం మామూలే.

దినేలు తమని తాము పరిచయం చేసుకునే పద్ధతిలో ఈ ఇంటిపేరుకి పెద్ద చోటే లేదు. అమ్మ క్లాను, అంటే వంశం ముందు, తర్వాత నాన్నది, అమ్మ వైపు తాతది, నాన్న వైపు తాతది. నాలుగు చెప్తేనే మనిషి పూర్తవుతాడు. బిడ్డ అమ్మ క్లానుకి చెందుతుంది. ఒకే క్లానులో పెళ్లి కూడదు. ఈ ముక్క వినగానే మా అమ్మ, “అయితే గోత్రాలున్నాయన్నమాట,” అని తేల్చేసింది. సరిగ్గా అదే కాదు గానీ, అంత దూరమూ కాదు. వాళ్ల పొరుగున హోపీలు చాలామంది ముద్రగా తమ క్లాను బొమ్మనే కొడతారు, ఎలుగుబంటో, మొక్కజొన్న కంకో. జూనీ తెగ భార్యాభర్తలు చాలామంది ఇద్దరి అక్షరాలూ కలిపి వేస్తారు. నవాహో ముద్ర ఎక్కువగా ఒక్కరి ఇంగ్లీషు అక్షరాలకి, గుమాస్తా రాసిన పేరుకి కట్టుబడింది.

ఇదంతా చదివాక, నాయన రెండోసారి వచ్చినప్పుడు, మళ్లీ బయల్దేరాం. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ నుంచి నవాహో నేషన్‌లోని గనాడో ఐదు గంటల డ్రైవ్. నవాహో నేషన్‌లోకి అడుగుపెట్టగానే ఫోన్‌లో టైమ్ గంట ముందుకి దూకుతుంది. ఎండాకాలంలో అరిజోనా గడియారం మార్చుకోదు, వాళ్లు మార్చుకుంటారు. భోజనం టైమ్ దాటిపోయిందని అమ్మకి టెన్షన్. గనాడోలో హబుల్ ట్రేడింగ్ పోస్ట్ 1878 నుంచి ఉంది, ఇప్పుడది జాతీయ చారిత్రక స్థలం, కొట్టు ఇంకా నడుస్తోంది. నాయనకి అద్దాల బీరువాలు నచ్చలేదు, తాళాలేసి ఉన్నాయి, వెనక్కి తిప్పే వీల్లేదు.

అక్కణ్నుంచి కాస్త దూరంలో ఒక పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, దాన్నే బల్లగా చేసుకుని యాభై ఏళ్లాయన నగలు అమ్ముతున్నాడు. పక్కన కాఫీ డబ్బా. నాయన నగల్ని దాటుకుని తిన్నగా డబ్బా దగ్గరికి పోయాడు. దాన్నిండా అచ్చులు. నేను, “మా నాన్న కూడా ఇదే పని,” అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా డబ్బా ట్రక్కు మీద బోర్లించాడు.

తర్వాత అరగంట నా అవసరం వాళ్లకి పెద్దగా లేదు. నాయన ఒక్కో అచ్చు తీసి వేలి గోటి మీద ఒత్తి చూస్తున్నాడు. ట్రక్కాయన కొన్నిటిని ఎడమవైపు, కొన్నిటిని కుడివైపు జరిపాడు. ఎడమవైపువి తాతవి, కుడివైపువి తనవి. ఎడమవైపు వాటిలో ఒక చంద్రవంకకి ఒక కొమ్ము దగ్గర చిన్న తునక ఎగిరిపోయి ఉంది. గట్టిపరిచేటప్పుడు చిట్లిందట. “పారెయ్యలేదా?” అని నాయన సైగ చేశాడు. ఆయన నవ్వి, పక్కనున్న కడియం తీసి చూపించాడు. ప్రతి చంద్రవంకకీ ఎడమ కొమ్ము దగ్గర ఆ నొక్కు.

కడియం లోపల రెండక్షరాలు, ఆయనవి. ఇది మొత్తం మీరే చేశారా అని నేనడిగాను, ఏదో మాటకి. ఆయన కాసేపు ఆగి చెప్పాడు. రాయి కోసి సానపట్టింది భార్య. మెరుగుపెట్టింది కొడుకు. రేకు సాగదీసి కొట్టిందీ టంకం పెట్టిందీ తను. అచ్చు తాతది. మరి అక్షరాలు ఒక్కరివే ఎందుకంటే, కొనేవాళ్లకి ఒక పేరు చాలట. ఎక్కువ పేర్లు చెప్తే ఫ్యాక్టరీ అనుకుంటారట.

అదీ సంగతి. ఇంటిల్లిపాదీ చేస్తే అనుమానం, ఒక్కరి పేరుంటే నమ్మకం. గ్యాలరీ గోడ మీద బొమ్మకి ఒక చిత్రకారుడు ఉన్నట్టు కడియానికీ ఒకడుండాలని ఆశించే కళ్లు మనవి. న్యూ మెక్సికోలోని గాలప్ దగ్గర పెరిగిన యాజీల కుటుంబం మీద 2014లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు న్యూయార్క్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు. లీ యాజీ, రేమండ్ యాజీ అన్నదమ్ములు పేరున్నవాళ్లు. ఆ ప్రదర్శన పేరులోనే కుటుంబం అని ఉంది, పూసలు చేసే అక్కచెల్లెళ్ల పని కూడా పెట్టారు. మ్యూజియానికి తట్టిన ఆలోచన అంగడి బిల్లుకి ఎందుకు తట్టకూడదు?

ఫీనిక్స్‌లో నాకు తెలిసిన ఒకాయన పాతికేళ్లుగా ఈ నగలు సేకరిస్తున్నాడు. ఆయన నాతో గట్టిగా వాదించాడు. సొంత పేరు వేసుకునే హక్కు వీళ్లు కష్టపడి తెచ్చుకున్నారు, వర్తకుడి నంబరు కింద పనిచేసిన రోజుల నుంచి బయటపడ్డారు, దాన్ని చిన్నచూపు చూడకు అన్నాడు. నిజమే. కె.బి. అన్న రెండక్షరాల వల్ల కెనెత్ బెగే అంగడి కూలీగా మిగిలిపోలేదు. నాయనకి అలాంటి రెండక్షరాలు ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను. తన పని తనదని చెప్పుకునే కళాకారుడు ఆ ముద్ర వేసుకోవాల్సిందే. నా గొడవ, నలుగురి పనిని రెండక్షరాల్లోకి కుదించమని అడిగే కొనేవాళ్లతో. అంటే నాతో కూడా.

ఇంకో మాట కూడా అన్నాడాయన. ముద్ర లేకపోతే దొంగ సరుకుని ఎలా పట్టుకుంటారు? అమ్మ కడియం ఈ మాటకి జవాబు. ముద్రకీ నకలు తీస్తారు, అందరికంటే ముందు దానికే. చట్టం కూడా ముద్ర మీద ఆధారపడి లేదు. 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం అమ్మేవాడి మాటని పట్టుకుంటుంది. ఆదివాసులు చేసిందని చెప్పి వేరేది అమ్మితే మొదటి తప్పుకే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు. 2018లో ఆల్బుకర్కీ వర్తకుడొకడికి 6 నెలల శిక్ష పడింది, ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగల్ని ఆదివాసులవని అమ్మినందుకు. కాబట్టి ముద్ర ఫొటో తీసుకోవడం కంటే బిల్లు మీద రాయించుకోవడం ముఖ్యం: ఎవరు చేశారు, ఏ తెగ, రాయి అసలుదా, రంగేసిందా. నేనైతే ఇంకో గీత అడుగుతున్నాను: రాయి ఎవరు అమర్చారు, అచ్చు ఎవరిది. రాయడానికి అర నిమిషం పట్టదు. చెప్పనివాళ్ల దగ్గర కొనను.

ట్రక్కాయన ఆ రోజు రాసిచ్చాడు. నాలుగు పేర్లు, చివర తాత పేరు. కడియం 340 డాలర్లు. ఇంటికెళ్లాక ఆ నొక్కు చంద్రవంకని దగ్గర్నుంచి ఫొటో తీసి బిల్లుతో పాటు దాచాను. చదివేవాళ్లలో ఎవరైనా ఇలాంటివి కొంటే మీరూ తియ్యండి. అక్షరాలు ఐదారుగురివి కావచ్చు, చేత్తో కోసిన అచ్చుకి జత ఉండదు.

బయల్దేరేముందు ఆయన, బెల్టులు కావాలంటే రేపు శనివారం గాలప్ సంతలో మా అక్క ఉంటుంది అని చెప్పాడు. ఏ అంగడో అడగడం మర్చిపోయాను. గాలప్ సంత చిన్నదేం కాదు. గొర్రె మాంసం, మొక్కజొన్న, టైర్లు, ఎండుగడ్డి, వాటి మధ్యలో వెండి బల్లలు. ఎండలో అరగంట తిరిగాక నేనూ అమ్మా నిమ్మరసం దగ్గర కూలబడ్డాం. నాయన ఒక్కడే బల్ల బల్లకీ ఆగుతూ, ఉంగరాలు ఎత్తి చూస్తూ పోతున్నాడు.

కాసేపటికి చెయ్యెత్తి పిలిచాడు. ఆయన చేతిలో వెడల్పాటి ఉంగరం. లోపల వేరే అక్షరాలు, మేం కలిసినాయనవి కావు. నాయన గోరు చంద్రవంక ఎడమ కొమ్ము మీద ఉంది.

బల్ల వెనకావిడకి విషయం చెప్పాను. నిన్న గనాడో దగ్గర మీ తమ్ముణ్ని కలిశాం, ఇలాంటి అచ్చులు ఒక కాఫీ డబ్బాలో చూపించాడు అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

“ఆ డబ్బా వాడి దగ్గరుందా? ఎండలు మొదలైనప్పటి నుంచి వెతుకుతున్నా.”

అక్కడికక్కడే ఫోన్ తీసి దినే భాషలో మొదలుపెట్టింది. మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నాయన ఉంగరం వేలికి పెట్టి చూసుకుంటూ, “తిడుతోంది,” అన్నాడు.